గంటకు 2,916 డాలర్లు: పోలీసు పైలట్ కొలువు లెక్కలు

లాస్ ఏంజెలెస్ పోలీసు హెలికాప్టర్ ఒక గంట గాల్లో ఉంటే ప్రజాధనం నుంచి 2,916 డాలర్లు ఖర్చవుతాయి. 2023 నాటి మారకం రేటు ప్రకారం దాదాపు 2.4 లక్షల రూపాయలు. 2023 డిసెంబరులో ఆ నగర కంట్రోలర్ కార్యాలయం విడుదల చేసిన ఆడిట్ నివేదిక తేల్చిన లెక్క ఇది. ఆ గంటలో హెలికాప్టర్ తాగే ఇంధనం 47.6 గ్యాలన్లు, అంటే సుమారు 180 లీటర్లు.

పోలీసు పైలట్ కావాలనుకునే పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు ముందుగా అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. ఎన్నేళ్లు పడుతుంది? ఎంత ఖర్చవుతుంది? వయసు పరిమితి ఎంత? అవి అడగాల్సినవే. అయితే ఈ వృత్తికి ఉన్న అసలు కొలమానం గంట. చదువును గంటల్లో లెక్కిస్తారు, అనుభవాన్ని గంటల్లో లెక్కిస్తారు, ఖర్చునూ అలసటనూ కూడా గంటల్లోనే లెక్కిస్తారు. అందుకని ఆ గంటనే పట్టుకుని నడుద్దాం. ఎక్కువ లెక్కలు అమెరికావి. న్యూయార్క్ పోలీసు విమాన విభాగం 1929లోనే మొదలైంది. ఆ తర్వాత ఈ వృత్తి బాగా విస్తరించింది, బాగా చర్చకు గురైంది కూడా ఆ దేశంలోనే. మన దగ్గర దారి ఎటు ఉందో చివర్లో చూద్దాం.

18,000లో 201

అమెరికాలో చిన్నా పెద్దా కలిపి సుమారు 18,000 పోలీసు సంస్థలున్నాయి. నలుగురైదుగురు ఉద్యోగులతో నడిచే ఊరి పోలీసు స్టేషన్ నుంచి వేలమందితో నడిచే మహానగర విభాగం దాకా అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వీటిలో ప్రమాణం చేసిన అధికారులు 100 మంది లేదా అంతకు మించి ఉన్న పెద్ద సంస్థలను అమెరికా న్యాయ గణాంకాల బ్యూరో 2007లో సర్వే చేసింది. విమాన విభాగం ఉన్నవి 201 అని తేలింది. పెద్ద సంస్థల్లో ఐదింట ఒకటి అన్నమాట. ఆ 201 విభాగాల చేతిలో ఉన్న హెలికాప్టర్లు, విమానాలు కలిపితే దాదాపు 900.

ఆశపడేవారు మొదట గుర్తుంచుకోవాల్సిన లెక్క ఇది. పైలట్లకు విమానయాన సంస్థల్లో ఉన్నన్ని సీట్లు ఇక్కడ లేవు. ఒక నగర విభాగంలో ఒకరు రిటైరైతే ఒక సీటు ఖాళీ అవుతుంది. దానికోసం అదే విభాగంలో కొన్నేళ్లుగా గస్తీ తిరుగుతున్నవారు ఎదురుచూస్తుంటారు. బయటినుంచి లైసెన్సు పట్టుకుని వచ్చిన కుర్రాడు నేరుగా ఆ సీట్లో కూర్చోవడం చాలాచోట్ల కుదరదు.

ముందు 664, ఆ తర్వాత 150

ఎందుకు కుదరదంటే, అక్కడి పెద్ద నగరాల్లో పోలీసు పైలట్ ముందుగా పోలీసు. లాస్ ఏంజెలెస్‌లో హెలికాప్టర్ నడిపేవారు ప్రమాణం చేసిన అధికారులే. కాలిఫోర్నియాలో అధికారి కావాలంటే కనీసం 664 గంటల ప్రాథమిక శిక్షణ పూర్తి చేయాలి. అరెస్టు చట్టం, సాక్ష్యం సేకరణ, ఆయుధాల వాడకం, ప్రథమ చికిత్స, నివేదిక రాయడం అన్నీ అందులోనే. ఆపైన వీధుల్లో కొన్నేళ్ల అనుభవం కావాలి.

ఇప్పుడు గగనతల లెక్క. అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం సాధారణ శిక్షణ మార్గంలో హెలికాప్టర్ ప్రైవేటు లైసెన్సుకు కనీసం 40 గంటలు ఎగరాలి, 17 ఏళ్లు నిండాలి. వాణిజ్య లైసెన్సుకు 150 గంటలు, 18 ఏళ్లు. ఆ 150లో 100 గంటలు తానే కెప్టెన్‌గా నడిపినవి అయి ఉండాలి, వాటిలో కనీసం 35 హెలికాప్టర్‌లో. అదే రెక్కల విమానానికైతే వాణిజ్య లైసెన్సుకు 250 గంటలు. మబ్బుల్లో, చీకట్లో పరికరాలను మాత్రమే నమ్ముకుని ఎగిరే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు ఇంకో 40 గంటల సాధన. దీనికి తోడు రెండో తరగతి వైద్య ధ్రువపత్రం కావాలి. అద్దాలతోనైనా సరే, ఒక్కో కంటికీ దూరదృష్టి 20/20 ఉండాలి. వాణిజ్య పనులకు ఆ పత్రం 12 నెలలే చెల్లుతుంది.

రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పోలీసు అకాడమీలో 664, వాణిజ్య లైసెన్సుకు 150. నేల మీద నేర్చుకునేది నాలుగు రెట్లకు పైమాటే. హెలికాప్టర్‌ను గాల్లో నిలపడం నేర్పవచ్చు. కింద పరుగెడుతున్న మనిషి దొంగా, భయపడి పారిపోతున్న బాధితుడా అన్నది పసిగట్టే చూపు వీధిలో తిరిగితేనే వస్తుంది. అక్కడి విభాగాలు ముందు పోలీసును తయారుచేసి తర్వాత రెక్కలు ఇచ్చేది ఇందుకే.

ఈ దారి అన్ని దేశాల్లోనూ ఇదే కాదు. ఇంగ్లండ్, వేల్స్ పోలీసులకు 2012 నుంచి ఉమ్మడిగా ఒకే జాతీయ విమాన సేవ ఉంది. అందులో పైలట్లు పౌర ఉద్యోగులు, వెనకున్న పరిశీలకులు పోలీసులు. అమెరికాలోనూ కొన్ని సంస్థలు సైన్యంలో హెలికాప్టర్లు నడిపి వచ్చినవారిని తీసుకుంటాయి. సొంత డబ్బుతో నేర్చుకునేవారు 150 గంటల దగ్గర ఆగితే చాలదు. చాలామంది శిక్షకుడి లైసెన్సు తీసుకుని, ఇతరులకు నేర్పుతూ జీతంతో గంటలు పోగేసుకుంటారు.

21, 37, 57

వయసు లెక్క కూడా కచ్చితంగా చూసుకోవాలి. కాలిఫోర్నియాలో 2022 నుంచి పోలీసు అధికారిగా నియమితులు కావడానికి కనీస వయసు 21. ఫెడరల్ సంస్థల్లో పై పరిమితి కూడా ఉంటుంది. ఫెడరల్ పోలీసు ఉద్యోగి 20 ఏళ్ల సర్వీసు పూర్తయితే సాధారణంగా 57వ ఏట తప్పనిసరిగా విరమించాలి. 57 నుంచి 20 తీసేస్తే 37. ఫెడరల్ దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఏజెంటుగా చేరేందుకు 37వ పుట్టినరోజు గీత కావడం వెనక ఉన్న గణితం ఇదే. ఎఫ్‌బీఐ ఏజెంటు పైలట్లు కూడా మొదట ఏజెంట్లుగా ఎంపికైనవారే.

అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. ఎఫ్‌బీఐకి అమెరికా పౌరసత్వం తప్పనిసరి. కాలిఫోర్నియా మాత్రం 2023 జనవరి 1 నుంచి పోలీసు అధికారులకు పౌరసత్వ నిబంధన తీసేసింది. ఆ దేశంలో పనిచేసే చట్టబద్ధ హక్కు ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే గ్రీన్ కార్డు ఉన్నవారైనా సరే, పౌరులు కానివారు విమాన శిక్షణ మొదలుపెట్టే ముందు రవాణా భద్రతా సంస్థ టీఎస్ఏ అనుమతి తీసుకోవాలి. ఫీజు కట్టడానికి ముందే ఈ మెట్టు, వైద్య పరీక్ష మెట్టు దాటడం మేలు. 40 గంటలు ఎగిరాక కంటి పరీక్షలో ఆగిపోతే ఆ డబ్బు వెనక్కి రాదు.

ఆ గంటలో ఇద్దరు

హెలికాప్టర్‌లో సాధారణంగా ఇద్దరుంటారు. ఒకరు పైలట్. రెండోవారిని టాక్టికల్ ఫ్లైట్ ఆఫీసర్ అంటారు. కెమెరా, పటం, సెర్చ్‌లైటు, కింది బలగాలతో రేడియో మాటలు ఆ రెండో మనిషి పని. చాలా విభాగాల్లో ముందు ఆ సీట్లో పనిచేసి, తర్వాత పైలట్ శిక్షణకు వెళ్తారు.

పైలట్ పని బయటికి తేలిగ్గా కనిపిస్తుంది. ఒకే ఇంటి చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఉంటాడు. కానీ ఆ తిరుగుడు తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో, తరచుగా రాత్రిపూట. ఇంజిన్ ఆగితే ఒకటి రెండు సెకన్లలో రోటర్ రెక్కల కోణాన్ని మార్చే కలెక్టివ్ మీటను దించి, కిందినుంచి పైకి తోసుకొచ్చే గాలితో రోటర్ తిరుగుతూ ఉండేలా చూడాలి. ఎత్తు ఎంత తక్కువైతే దిగే చోటు వెతుక్కునే సమయం అంత తక్కువ. కిందనేమో కరెంటు తీగలు, కప్పులు, జనం.

దీనికి తోడు కింది నుంచి కళ్లలోకి కొట్టే లేజర్ కాంతి. 2023లో అమెరికాలో అన్నిరకాల విమానాలూ కలిపి పైలట్లు ఇచ్చిన లేజర్ ఫిర్యాదులు 13,304. రాత్రిపూట కిందికి ఎగిరే పోలీసు హెలికాప్టర్‌కు ఈ ముప్పు మరింత దగ్గర. విమానం మీదికి లేజర్ వేయడం అక్కడ 2012 నుంచి ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు.

1,000 అడుగులు, 400 అడుగులు

పోలీసు పైలట్‌కు ఎత్తు అంటే భద్రత ఒక్కటే కాదు, చట్టం కూడా. 1986లో అమెరికా సుప్రీంకోర్టు సిరాలో కేసులో తీర్పు ఇచ్చింది. కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో ఒక ఇంటి పెరట్లో గంజాయి మొక్కలున్నాయని సమాచారం. పెరటికి ఎత్తయిన కంచె. పోలీసులు విమానంలో 1,000 అడుగుల ఎత్తు నుంచి చూశారు. వారంటు లేకుండా అలా చూడవచ్చని కోర్టు 5-4 తేడాతో చెప్పింది. మూడేళ్లకు, 1989లో, ఫ్లోరిడాకు చెందిన రైలీ కేసులో 400 అడుగుల నుంచి హెలికాప్టర్ చూపు కూడా చెల్లుతుందన్నది.

తర్వాత గీత కాస్త వెనక్కి జరిగింది. 2001లో కైలో కేసులో, ఇంటి గోడల నుంచి వచ్చే వేడిని పసిగట్టే థర్మల్ పరికరంతో ఇంటి లోపలి విషయాలు తెలుసుకోవాలంటే వారంటు కావాలని తీర్పు వచ్చింది. ఆ కేసులో పరికరాన్ని వాడింది వీధిలో ఆగిన కారులోంచి. కానీ నేడు పోలీసు హెలికాప్టర్ ముక్కున ఉండే కెమెరా కూడా వేడినే చూస్తుంది కాబట్టి, ఆ తీర్పు ప్రతి పైలట్‌కూ పాఠమే. 2020లో బాల్టిమోర్ పోలీసుల కోసం నడిచిన విమానాలు రోజుకు దాదాపు 12 గంటలపాటు నగరంలో సుమారు 90 శాతాన్ని చిత్రీకరించాయి. వారంటు లేకుండా అందరి కదలికలనూ అలా నమోదు చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2021లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది.

ఇవి లాయర్లకే వదిలేయాల్సిన సంగతులు కావు. కెమెరాను ఏ కిటికీ మీద నిలపాలి, దేని మీద నిలపకూడదు అన్న నిర్ణయం గాల్లో ఆ ఇద్దరిదే. పైనుంచి చూసే అధికారం చాలా పెద్దది. కింద ఉన్నవాడికి తననెవరో చూస్తున్నారని కూడా తెలియదు.

ఎగరకూడని గంట

లాగ్‌బుక్‌లో నమోదు కాని గంటలూ ఈ వృత్తిలో ఉంటాయి. అవి ఎగరకుండా ఆగిన గంటలు. వాటి విలువ మూడు ప్రమాదాల్లో కనిపిస్తుంది.

2009 జూన్ 9న న్యూ మెక్సికోలో శాంటా ఫే దగ్గర కొండల్లో ఒక యువతి దారి తప్పింది. రాష్ట్ర పోలీసు పైలట్ అప్పటికే ఆ రోజు డ్యూటీ పూర్తి చేశాడు. పైలట్ పనితోపాటు పత్రికలకు సమాచారమిచ్చే బాధ్యత కూడా ఆయన మీదే ఉండేది. అయినా వెళ్లాడు. కొండ మీద దిగాడు, ఆమెను వెతికి హెలికాప్టర్ దగ్గరికి చేర్చాడు. అప్పటికి చీకటి పడింది, గాలి పెరిగింది, మబ్బు దిగింది. రాత్రికి అక్కడే ఆగవచ్చు. ఆయన గాల్లోకి లేచాడు. హెలికాప్టర్ కొండను తాకి కూలింది. పైలట్, ఆ యువతి చనిపోయారు. తోడుగా వెళ్లిన పరిశీలకుడు గాయాలతో బతికాడు. ఆ వాతావరణంలో బయల్దేరాలన్న నిర్ణయమే కారణమని దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది. అలసట, ఎలాగైనా పని పూర్తి చేయాలని తనమీద తానే వేసుకున్న ఒత్తిడి అందుకు తోడయ్యాయని రాసింది. వెళ్లే ముందు ముప్పును అంచనా వేసే పద్ధతి ఆ విభాగంలో సరిగా లేకపోవడాన్నీ ఎత్తిచూపింది.

2013 మార్చి 30న అలాస్కాలోనూ దాదాపు అదే కథ. గాయపడిన స్నోమొబైల్ ప్రయాణికుడిని ఎక్కించుకుని రాత్రివేళ బయల్దేరిన పోలీసు హెలికాప్టర్ చెడు వాతావరణంలో చిక్కుకుంది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. అదే ఏడాది నవంబరు 29న స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో పోలీసు హెలికాప్టర్ ఒక పబ్ కప్పు మీద కూలింది. లోపలి ముగ్గురు, పబ్‌లోని ఏడుగురు మొత్తం 10 మంది మరణించారు. ప్రధాన ట్యాంకులో ఇంధనం మిగిలే ఉంది. ఇంజిన్లకు అందించే ట్యాంకుల్లోకి దాన్ని పంపే పంపులు ఆపి ఉన్నాయి. ఇంధనం తక్కువగా ఉందన్న హెచ్చరిక ఐదుసార్లు వచ్చింది.

ఈ మూడింట్లోనూ పైలట్లు కొత్తవాళ్లు కారు. మొదటి రెండు సంఘటనల్లో వాళ్లను ముందుకు నెట్టింది ఎదుటివారిని కాపాడాలన్న తపన. ఆ తపన లేనివారు ఈ వృత్తిలోకి రారు. దానికి పగ్గం వేయలేనివారు ఇందులో బతికి బట్టకట్టడం కష్టం. "ఈ రాత్రి వెళ్లలేం సార్" అని పై అధికారికి చెప్పగల ధైర్యం 150 గంటల శిక్షణలో ఉండే అంశం కాదు. ఆ మాట వినగల పై అధికారులున్న విభాగాన్ని వెతుక్కోవడం కూడా ఉద్యోగ వేటలో భాగమే.

61 శాతం

మళ్లీ లాస్ ఏంజెలెస్‌కు వద్దాం. ఆడిట్ నాటికి అక్కడి పోలీసులకు 17 హెలికాప్టర్లు. ఏడాదికి దాదాపు 16,000 గంటల ఎగురుడు. ఏడాదిలో ఉన్న గంటలు 8,760 కాబట్టి, రాత్రీపగలూ సగటున ఇంచుమించు రెండు హెలికాప్టర్లు నగరం మీద ఉన్నట్టే. ఏడాది ఖర్చు సగటున 4 కోట్ల 66 లక్షల డాలర్లు. 2018 నుంచి 2022 దాకా ఆర్థిక సంవత్సరాలను పరిశీలించిన ఆడిట్, ఎగిరిన సమయంలో 61 శాతం అంత అత్యవసరం కాని పనులకు పోయిందని చెప్పింది. సాధారణ గస్తీ, ప్రయాణాలు, వేడుకల మీద చక్కర్లు అందులో ఉన్నాయి. తీవ్రమైన నేరాల మీద గడిచింది 39 శాతం. హెలికాప్టర్ గస్తీ వల్ల నేరాలు తగ్గాయని గట్టిగా చెప్పే ఆధారం కనిపించలేదని కూడా రాసింది.

దీన్ని చదివి హెలికాప్టర్లే వద్దనడం తొందరపాటు. కొండలో చిక్కుకున్నవారిని, తప్పిపోయిన పిల్లలను వెతికేటప్పుడు పైనుంచి ఒక థర్మల్ కెమెరా చూపు చేసే పనిని నేలమీది బలగాలు అంత వేగంగా చేయలేవు. కారు వెంట కారు పరుగెత్తకుండా, పైనుంచి కనిపెడుతూ ఉంటే రోడ్డు మీది జనానికి ముప్పు తగ్గుతుంది. కానీ కోట్లు ఖర్చయ్యే పనికి ఫలితం లెక్క చూపించాలని జనం అడగడం న్యాయమే. రేపు ఈ కొలువులో చేరేవారు ఆ ప్రశ్నను తమమీద దాడిగా తీసుకోకూడదు. జీతం ఇచ్చేవారు లెక్క అడుగుతున్నారంతే. ప్రతి గంటకూ ఎందుకు లేచాం, ఏం తేలింది అని నిజాయతీగా రాసి పెట్టే విభాగమే రేపటి బడ్జెట్‌లో నిలబడుతుంది.

16 ఏళ్లకే తెరుచుకునే తలుపు

ఖర్చు ప్రశ్నకు ఒక జవాబు డ్రోన్ రూపంలో వచ్చింది. 2018లో కాలిఫోర్నియాలోని చులా విస్టా పోలీసులు కొత్త పద్ధతి మొదలుపెట్టారు. అత్యవసర ఫోను రాగానే పోలీసు కారు కన్నా ముందు డ్రోన్‌ను పంపి, అక్కడి దృశ్యాన్ని అధికారులకు చూపిస్తారు. ఆ తర్వాత ఎన్నో నగరాలు ఈ బాట పట్టాయి.

అమెరికాలో 2016 నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద డ్రోన్ పైలట్ ధ్రువపత్రానికి కనీస వయసు 16. పరీక్షలో 60 ప్రశ్నలు, 70 శాతం రావాలి, అంటే 42 సరైన జవాబులు. డ్రోన్ బరువు 55 పౌండ్ల లోపు, ఎత్తు సాధారణంగా 400 అడుగుల లోపు. ప్రతి 24 నెలలకు జ్ఞానాన్ని తాజా చేసుకోవాలి. హెలికాప్టర్ సీటు దాకా వెళ్లే ఖరీదైన దారికి ముందు, గగనతల నియమాలు నేర్చుకోవడానికి ఇది మంచి తొలిమెట్టు.

మన దగ్గర దారి

భారతదేశంలో కేంద్ర హోంశాఖ బలగాలకు రెక్కలనిచ్చేది సరిహద్దు భద్రతా దళం, అంటే బీఎస్ఎఫ్ విమాన విభాగం. 1969లో మొదలైంది. ఎంఐ-17, ధ్రువ్, చీతా హెలికాప్టర్లు నడిపింది, నడుపుతోంది. మావోయిస్టు ప్రాంతాలకు బలగాలను చేర్చడం, గాయపడిన జవాన్లను ఆస్పత్రికి తేవడం దాని ముఖ్యమైన పనుల్లో కొన్ని. ఈ సేవ ప్రాణాల ధర కూడా చెల్లించింది. 2015 డిసెంబరు 22న ఢిల్లీ నుంచి రాంచీకి బయల్దేరిన బీఎస్ఎఫ్ చిన్న విమానం కూలి 10 మంది చనిపోయారు.

ఈ విభాగం పైలట్ల కోసం వైమానిక దళం మీద చాలాకాలంగా ఆధారపడుతూ వచ్చింది. ఆ వైమానిక దళం హెలికాప్టర్ పైలట్లు తయారయ్యేది సికింద్రాబాద్ పక్కన హకీంపేటలో. హెలికాప్టర్ శిక్షణ పాఠశాల అక్కడే ఉంది. కాబట్టి ఛత్తీస్‌గఢ్ అడవిలో జవానును మోసుకొచ్చే పైలట్‌కు తొలి హెలికాప్టర్ పాఠాలు తెలంగాణ ఆకాశంలోనే అంది ఉండవచ్చు. బీఎస్ఎఫ్ ఇటీవల ఫ్లైట్ ఇంజినీర్లకు సొంతంగా శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టింది. 2025లో ఒక మహిళ ఆ విభాగంలో తొలి మహిళా ఫ్లైట్ ఇంజినీర్ అయింది. పైలట్ సీటు పక్కనే ఉండే ఈ దారిని కూడా మన పిల్లలు గమనించాలి.

డ్రోన్ దారి ఇంకా దగ్గర. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ ధ్రువపత్రానికి 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి పాస్, అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ చాలు. ఆ పత్రం పదేళ్లు చెల్లుతుంది. హైదరాబాద్ బేగంపేటలోని తెలంగాణ విమానయాన అకాడమీ ఇలాంటి శిక్షణ ఇస్తోంది.

రెండు పుస్తకాలు

హెలికాప్టర్ దిగాక పైలట్ లాగ్‌బుక్ తీసి 1.0 అని రాసుకుంటాడు. ఆయన అనుభవానికి ఒక గంట కలిసింది. అదే సమయంలో నగర ఖజానా పుస్తకంలో 2,916 అని మరో పద్దు పడుతుంది. అది మున్సిపల్ పన్ను కట్టిన చిరు వ్యాపారిది, ఇంటద్దె కడుతున్న నర్సుది, రాత్రి హెలికాప్టర్ శబ్దానికి నిద్రలేచిన పసిబిడ్డ తల్లిది. ఈ వృత్తిలోకి రావాలనుకునే ప్రతి ఒక్కరికీ నా మాట ఇదే: మీ లాగ్‌బుక్‌లో గంట రాసుకునే ముందు ఆ రెండో పుస్తకాన్ని ఒకసారి తలచుకోండి. రెండు పద్దులూ సరిపోయాయని మీ మనసుకు అనిపించిన గంటలే మీ అసలు అనుభవం.